నేను కడిగేసిన సీసా

రిటైరైన శాస్త్రవేత్తను కాలేజీలవాళ్లు ఎందుకు పిలుస్తారో నాకిప్పటికీ అర్థం కాదు. శాలువా కప్పుతారు, కుండీలో మొక్క ఒకటి చేతిలో పెడతారు, "మీ ఉద్యోగ జీవితంలో మరపురాని విజయం గురించి నాలుగు మాటలు చెప్పండి సార్" అంటారు. ముందు వరసలో పిల్లలు అప్పటికే ఫోన్లు తీసి ఉంటారు. నేను ఏదో చెప్పి, ఉప్మా తిని, ఆటో ఎక్కి సంతోష్‌నగర్ వచ్చేస్తాను. ఇంటికొచ్చి ఆ మొక్కకు నీళ్లు పోస్తున్నప్పుడు గుర్తొస్తుంది, వీళ్లకు చెప్పాల్సింది విజయం గురించి కాదు కదా, నేను కడిగేసిన సీసా గురించి కదా అని. మైకు ముందు ఆ మాట నోటికి రాదు. అందుకని కూర్చుని రాస్తున్నాను. కొత్తగా తెల్లకోటు తొడుక్కున్న పిల్లలెవరైనా ఉంటే చదవండి.

మా ల్యాబు పని ఏమిటో ముందు చెప్పేస్తాను. వయసు పైబడే కొద్దీ మెదడులో నాడీకణాలు చచ్చిపోతుంటాయి. పోయినవి మళ్లీ రావు. మతిమరుపు, చేతుల వణుకు ఇవన్నీ అక్కడినుంచే మొదలవుతాయి. మొక్కల్లో ఉండే పదార్థం ఏదైనా ఆ కణాలను కాపాడగలదా అని వెతకడం మా పని. చిక్కేమిటంటే, అసలైన నాడీకణాలు గాజుపాత్రలో పెంచుదామంటే పెరగవు. అందుకని నాడుల్లో పుట్టిన క్యాన్సర్ గడ్డలోంచి ఎప్పుడో ఎక్కడో తీసిన కణాలను పెంచుతాం. అవి ఆగకుండా పెరుగుతూనే ఉంటాయి. అంటే క్యాన్సర్ కణాన్ని ఎదురుగా పెట్టుకుని, ఇది ముసలి మెదడు అనుకుని పని చేస్తామన్నమాట. ఏ మందైనా వాటిని బతికించిందని సంబరపడేలోపే ఇంకో అనుమానం పీడిస్తుంది: ఇది నాడిని కాపాడుతోందా, క్యాన్సర్‌ను మేపుతోందా? నా సగం సర్వీసు ఈ ప్రశ్నతోనే గడిచింది.

మేం పట్టుకున్నది ఒక మొక్క వేరుగడ్డ. దాని పేరు చెప్పను. చెప్పానంటే మా కాలనీలో సగం మంది రేపు పొద్దున్నే నీళ్లలో మరగబెట్టుకుని తాగి, ఎల్లుండి నన్ను తిట్టుకుంటారు. బేగంబజార్‌లో మూలికలమ్మే ఒక సేఠ్ దగ్గర కొనేవాళ్లం. ఎండిన గడ్డను దంచి, ఆల్కహాల్‌లో నానబెట్టి, వడగట్టి, గోధుమరంగు గాజుసీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లం. దాన్ని మేం ఎక్స్‌ట్రాక్ట్ అనేవాళ్లం. అక్క మాత్రం రసం అనేది.

అక్క అంటే మా టెక్నీషియన్. నాకంటే పదేళ్లు పెద్ద. సైదాబాద్‌లో ఇల్లు, ఇంటి వెనక నాలుగు బర్రెలు. పొద్దున్నే పాలు పితికి, వాడుక ఇళ్లకు పోసి, అవే చేతులను సబ్బుతో మోచేతులదాకా తోముకుని కణాలు పెంచే మా కల్చర్ రూములోకి వచ్చేది. చదువు ఇంటర్‌తో ఆగింది. అయితేనేం, కణాలను పెంచడంలో ఆ బిల్డింగ్ మొత్తంలో ఆమెను మించినవాళ్లు లేరు. మైక్రోస్కోపు జోలికి పోకుండా, కణాలున్న గాజు ఫ్లాస్కును కిటికీ వెలుతురుకెత్తి చూసి, "ఇవి రేపటికి ఉండయ్" అనేది. ఉండేవి కావు. పదిమందిలో నన్ను సార్ అనేది, గది తలుపు మూసుకుంటే తమ్మీ అనేది. ఫ్లాస్కులను బర్లు అనేది. కణాలకు పోసే గులాబీరంగు ద్రవం ఆమె లెక్కలో కుడితి.

"బర్లకు కుడితి పెట్టినవా తమ్మీ?" అని అరిచేది నేను కారిడార్లో కనబడగానే. వేరే డిపార్ట్‌మెంట్‌వాళ్లు వింతగా చూసేవారు.

నేను చేరిన కొత్తలో, డాక్టరేట్ పట్టా, ఇస్త్రీ చొక్కా అన్నీ ఉన్నాయి గానీ, మొదటి మూడు వారాలూ నా చేతికిచ్చిన ప్రతి ఫ్లాస్కూ పాడైంది. ఒకటి బూజు పట్టింది, ఒకటి ఎండింది, ఒకటి ఎందుకు చచ్చిందో దానికే తెలియదు. నాలుగోది పారబోస్తుంటే అక్క వచ్చి పక్కన నిలబడింది.

"తమ్మీ, నీకు పాలు తోడేసుడు వస్తదా?"

"రాదక్కా. ఇంట్లో అమ్మ చూసుకుంటది."

"గందుకే గిట్లున్నది నీ కత. ఇను. నిన్నటి పెరుగుల జర తియ్యాలె. ఎక్కువేస్తే పులుస్తది, తక్కువేస్తే తోడుకోదు. పాలు మస్తు వేడిగుంటే తోడు సస్తది, సల్లగుంటే పండుకుంటది. నీ ఫ్లాస్కు ముచ్చట గూడ గంతే. పాతదాంట్ల జర తీసి కొత్త కుడితిల ఎయ్యాలె. వారం దినాలు ఇంట్ల నువ్వే తోడెయ్యి. పెరుగు మంచిగ అయిన్నాడు రా, అప్పుడు బర్లను ముట్టనిస్త."

అంత చదువుకున్నవాణ్ని, అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంటే, వారం రోజులు వంటింట్లో పాలలో వేలు పెట్టి వేడి చూశాను. ఎనిమిదో రోజు చిన్న డబ్బాలో పెరుగు తీసుకెళ్లి ఆమె ముందు పెట్టాను. చెంచాతో గుచ్చి చూసింది, నాలుకకు రాసుకుంది. "నడుస్తది" అంది. ఆ తర్వాత నా చేతిలో కణాలు చావలేదు. నా సర్వీసులో నాకు దక్కిన పట్టాల్లో ఆ "నడుస్తది" ఒక్కటే నిజంగా కష్టపడి సంపాదించింది.

అక్కకు ఒక పట్టింపు ఉండేది. ఏ పాత్రనూ అడుగుదాకా ఖాళీ చేయదు. పెరుగు గిన్నె సరే, బియ్యం డబ్బా, ఉప్పు జాడీ, చివరికి మేం చేతులు కడుక్కునే సబ్బునీళ్ల సీసా కూడా. అడుగున ఇంత ఉండగానే కొత్తది పోసేది. ఇంట్లో ఖాళీ పాత్ర ఉంటే మనసున పట్టదట. వాళ్లమ్మ అలాగే చేసేదట. ఒకరోజు కొత్తగా తీసిన ఎక్స్‌ట్రాక్ట్‌ను ఆమె పాత సీసాలో, అడుగున మిగిలిన దాని మీదే పోస్తుంటే చూశాను.

"అక్కా, అది పెరుగు కాదు."

"కాదని ఎవలు జెప్పిన్రు?" అంది, నా వైపు తిరగను కూడా తిరగకుండా.

నవ్వుకుని వెళ్లిపోయాను. నెలాఖరున రికార్డు పుస్తకంలో "కొత్త బ్యాచ్" అని రాసి ఉన్న పేజీ కింద సంతకం కూడా పెట్టాను. ఆ సంతకం సంగతి కాసేపట్లో వస్తుంది, గుర్తుంచుకోండి.

ప్రయోగం మామూలుదే. ఒక వరస కణాలకు ఉత్త విషం ఇస్తాం. ఇంకో వరసకు ముందు ఎక్స్‌ట్రాక్ట్ ఇచ్చి, ఆపైన అదే విషం ఇస్తాం. మర్నాడు ఎన్ని బతికాయో చూస్తాం. మొదటి ఏడాది రెండు వరసలూ ఒకేలా చచ్చాయి. రెండో ఏడాది ఎక్స్‌ట్రాక్ట్ వరసలో కొన్ని నిలబడ్డాయి. మూడో ఏడాదికి సగానికి పైగా నిలబడ్డాయి. మందు అదే, మోతాదు అదే, ఫలితం మాత్రం ఏడాదికేడాది పెరుగుతోంది. ఎందుకు పెరుగుతోందని ఒక్కరమూ అడగలేదు. మా చేయి తిరిగింది అనుకున్నాం. మనకు అనుకూలంగా వచ్చిన ఫలితాన్ని ఎవరు నిలదీస్తారు చెప్పండి?

క్యాన్సర్‌ను మేపుతోందా అన్న ఆ రెండో ప్రశ్న కూడా అడిగాం. అదే ఎక్స్‌ట్రాక్ట్‌ను రొమ్ము క్యాన్సర్ కణాలకిచ్చి చూశాం. వాటిని అది కాపాడలేదు. విషానికి అవి ఎప్పటిలాగే పోయాయి. అంటే కనబడ్డ ప్రతి కణాన్నీ మేపే రకం కాదు, నాడీకణం మీదే ఏదో పని చేస్తోంది. మా ల్యాబు పెద్ద ఒక మేడం. నవ్వడం అరుదు. ఆ రోజు ఆవిడే అందరికీ తినడానికి ఖీమా లుఖ్మీలు తెప్పించి, టీ గ్లాసు చేత్తో పట్టుకుని కల్చర్ రూము గుమ్మం దాకా వచ్చి, "శభాష్" అన్నారు. ఎవరినన్నారో చెప్పలేదు. నేను నన్నే అనుకున్నాను.

ఆ సాయంత్రం బస్సులో అక్క కిటికీ పక్కన కూర్చుని ఒక మాట అడిగింది. ఇద్దరిదీ ఒకే బస్సు. సైదాబాద్‌లో ఆమె దిగేది, తర్వాత నేను.

"తమ్మీ, నాకింక నాలుగేండ్ల సర్వీసున్నది. రిటైరయ్యే దినం దాంక ఈ రూములనే ఉంచుమని మేడంకు ఒక మాట జెప్పు. వేరే కాడ నాకు మనసున పట్టదు."

"నిన్ను తీసేసే ధైర్యం ఎవరికున్నదక్కా? ఫికర్ చెయ్యకు, నేనున్న గదా."

నేనున్న గదా. ఎంత తేలిగ్గా అనేశానో.

ఇంతలో బయటినుంచి నిపుణుల కమిటీ వస్తోందని కబురు. ప్రాజెక్టు నిలవాలంటే కొత్త ఎక్స్‌ట్రాక్ట్‌తో మొదటినుంచి చేసి, అదే ఫలితం చూపించాలి. నాకు పూనకం వచ్చినట్టయింది. అల్మరాలు సర్దించాను, లేబుళ్లు మార్పించాను. ఆ రోజు అక్క సెలవులో ఉంది. బర్రె ఈనుతోందని పొద్దున్నే ఫోన్ చేసింది. నేను ఫ్రిజ్ తెరిచి చూస్తే గోధుమరంగు సీసాలో వేలెడు ఎత్తున నల్లగా, చిక్కగా ఏదో ఉంది. అడుగున మడ్డి కూడా పేరుకుంది. కమిటీవాళ్లు చూస్తే ఏమనుకుంటారు? సింకులో వంచేశాను. ఆల్కహాల్‌తో మూడుసార్లు కడిగాను. ఆరబెట్టి, నిగనిగలాడే సీసాలో కొత్త ఎక్స్‌ట్రాక్ట్ పోసి, ముత్యాల్లాంటి అక్షరాలతో లేబుల్ అంటించాను. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏ సీసానూ కడగలేదు.

మర్నాడు అక్క జున్నుపాల డబ్బాతో వచ్చింది. ఫ్రిజ్ తెరిచింది. డబ్బా ఇంకా చేతిలోనే ఉంది.

"అడుగుది ఏది?"

"పారబోసిన అక్కా. మడ్డి పట్టింది."

"మొత్తమా?"

"మొత్తం."

ఆమె సింకు వైపు చూసింది. జున్నుపాలు అందరికీ గ్లాసుల్లో పోసింది.

కొత్త ఎక్స్‌ట్రాక్ట్ పని చేయలేదు. మొదటిసారి రెండు వరసలూ చచ్చాయి. రెండోసారీ అంతే. మూడోసారి అక్క స్వయంగా, ఊపిరి బిగబట్టి చేసింది. అయినా అంతే. కమిటీ రావడానికి వారం ఉంది. తప్పు ఎవరిది? నాది మాత్రం కాదు. అక్కది కాదు. మరి మిగిలింది సేఠే కదా. నకిలీ సరుకు అంటగట్టాడని తేల్చేసుకుని, సంచిలో గడ్డలు వేసుకుని బేగంబజార్ పోయాను.

మధ్యాహ్నం బజారు కిటకిటలాడుతోంది. హమాలీలు బస్తాలు మోస్తూ "బాజూ, బాజూ" అని తోసుకుపోతున్నారు. నేను గద్దె ముందు నిలబడి లొల్లి మొదలుపెట్టాను. మూడేళ్లుగా కొంటున్నాను, ఇట్లా మోసం చేస్తారా, కల్తీ చేస్తారా అని నోటికొచ్చింది అనేశాను. పక్క దుకాణాలవాళ్లు తొంగి చూశారు. సేఠ్ అరవలేదు. రాగి చెంబుతో నీళ్లు ముందు పెట్టాడు.

"పహలే పానీ పియో సాబ్. గుస్సా బాద్ మే."

తాగాను. అతను నన్ను లోపలికి తీసుకుపోయి, మనిషి నడుమెత్తున్న చెక్క డబ్బా మూత తీశాడు.

"మాల్ గదే సాబ్. గదే ఊరు, గదే ఆద్మీ తెస్తడు. దేఖో, ఈ డబ్బా మా దాదా జమానా సంది ఖాళీ గాలే. కొత్త మాల్ మీద పోస్తం, మీదిది అమ్ముతం. అడుగుది ముట్టం. ఖాళీ జేస్తే బర్కత్ పోతది, సిరి నిలువది." మూత పెట్టి నా మొహంలోకి చూశాడు. "నా తాన ఏం మారలే. మీ తాన ఏమన్న మార్చిండ్రా?"

నేను మార్చింది ఒక్కటే. ఆ చీకటి కొట్టులో, ఎండు వేళ్ల వాసన మధ్య, నేను కడిగిన సీసా కళ్లముందు నిలబడింది. ఆ మనిషికి క్షమాపణ చెప్పానో లేదో కూడా గుర్తులేదు. పరుగులాంటి నడకతో బస్సు పట్టుకుని వచ్చి కల్చర్ రూము తలుపు తోశాను.

"అక్కా, రసం సీసా నేను కడిగే ముందు ఎన్నడన్న కడిగినవా?"

"కడుగుడెందుకు? అడుగున ఇంత ఉంచి మీద పోస్త గదా. నువ్వు సూసినవ్ గదా తమ్మీ."

"మొదటి బ్యాచ్ సంది గంతేనా?"

"మొదటిదాని సంది."

మేం ఎనిమిది బ్యాచులు అని రాసుకున్నది నిజానికి ఒకే రసం. మూడేళ్లపాటు ఆ సీసా అడుగున నిలవుండి, నిలవుండి, గడ్డలో లేనిదేదో అందులో పుట్టింది. ప్రతి కొత్త రసంలోనూ ఆ పాతది ఇంత కలుస్తూ వచ్చింది. కణాలను కాపాడింది అదే. దాన్ని నేను మురికి అనుకుని మోరీలో పోశాను.

మేడంకు చెప్పక తప్పలేదు. చెప్పడం అంటే, ఏం జరిగిందో చెప్పాను. ఎవరు చేశారో చెప్పలేదు. కమిటీ వచ్చిన రోజు పొడవాటి బల్లకు అటు ముగ్గురు పెద్దమనుషులు, ఇటు మేడం, నేను. అక్క నీలం ఏప్రన్‌తో తలుపు దగ్గర నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. రికార్డు పుస్తకం నా సంతకం ఉన్న పేజీ దగ్గర తెరిచి ఉంది.

"కొత్త బ్యాచ్ అని రాశారు. పాతదానిలో కలిపారు. ఇది పొరపాటా, దాచిపెట్టడమా?" అన్నారు పెద్దాయన. "ఈ సీసా బాధ్యత ఎవరిది?"

నాది అనాలి. ఆమె పోయడం నేను చూశాను. నవ్వాను. సంతకం పెట్టాను. రెండక్షరాల మాట. ప్రమోషన్ ఫైలు మేడం బల్ల మీద ఉందన్న సంగతి ఆ క్షణంలో నాకు చాలా స్పష్టంగా గుర్తుంది. నేను పుస్తకం వైపే చూస్తూ కూర్చున్నాను.

"నాదే సార్," అంది తలుపు దగ్గరి గొంతు. "నాకు తెల్వక పోసిన. సార్‌కు తెల్వదు."

సార్‌కు తెల్వదు. ఆ గదిలో నిజం తెలిసినవాళ్లం ఇద్దరమే. ఒకరు నాకోసం అబద్ధమాడారు, ఒకరు నోరు మూసుకున్నారు.

ప్రాజెక్టు ఆగిపోయింది. నాకు ఒక హెచ్చరిక కాగితం వచ్చింది. అక్కను కింది అంతస్తులో, మెట్ల వెనక, గాజుసామాను కడిగే గదికి పంపారు. బీకర్లు, సీసాలు రోజంతా కడగడం. అడుగు ఖాళీ చేయని మనిషికి రోజంతా ఖాళీ సీసాల మధ్య పని. ఆమె వెళ్లాక ఆ కణాలు కొత్తవాళ్ల చేతిలో రెండు నెలలు కూడా నిలవలేదు.

నేనేం చేశానో వినండి, ఎందుకంటే మీరూ ఎప్పుడో ఒకప్పుడు ఇలాగే చేస్తారు. బస్సు టైము మార్చుకున్నాను. అరగంట ముందు బస్సు పట్టుకునేవాణ్ని. కడిగిన సామాను తెచ్చుకోవడానికి వేరేవాళ్లను పంపేవాణ్ని. రేపు పోయి మాట్లాడతాను అనుకుంటూ నాలుగేళ్లు గడిపేశాను. ఆమె రిటైర్మెంట్ రోజున సెలవు పెట్టాను. ఒంట్లో బాగాలేదని కాగితం మీద రాశాను.

ఒక్క పని మాత్రం చేశాను. కమిటీ వెళ్లిన మర్నాడే సేఠ్ దగ్గర గడ్డ తెచ్చి, రసం తీసి, గోధుమరంగు సీసాలో పోసి, ఫ్రిజ్‌లో అందరికంటే లోపల పెట్టాను. "ముట్టవద్దు" అని మూడు భాషల్లో రాశాను. ల్యాబులు మారాయి, ఫ్రిజ్‌లు మారాయి, మేడం రిటైరయ్యారు. సీసాను చంకలో పెట్టుకుని తిరిగాను. అయిదో ఏట ఒక సోమవారం దాన్ని తెరిచాను. కణాలకు విషం పెట్టాను. మర్నాడు మైక్రోస్కోపులో చూస్తే ఎక్స్‌ట్రాక్ట్ వరస నిలబడి ఉంది. సగానికి పైగా, పచ్చగా, బతికి. అక్క ఉంటే కిటికీ వెలుతురుకెత్తి చూసేది కదా అనిపించి, ఆ గదిలో ఒక్కణ్నే కూర్చుని ఏడ్చాను. సిగ్గేం లేదు చెప్పుకోవడానికి.

ఆ పదార్థం ఏమిటో తేల్చమని కెమిస్ట్రీవాళ్లకు పంపాను. ఇంకొంచెం కావాలన్నారు, పంపాను. ఇంకొంచెం అన్నారు, సీసా దులిపి పంపాను. తాజా రసంలో లేని ఒక కొత్త గీత వాళ్ల గ్రాఫులో కనబడింది. అదేమిటో తేలేలోపు సరుకు అయిపోయింది.

ఆ గ్రాఫు కాగితం జేబులో పెట్టుకుని, ఒక ఆదివారం సైదాబాద్ పోయాను. బర్రెలను అమ్మేశారట. కొట్టం ఉన్నచోట కొడుకు స్కూటర్ నిలిపి ఉంది. అక్క జుట్టు పూర్తిగా తెల్లబడింది. నన్ను చూసి అరుగు మీంచి లేచింది.

"వచ్చినవా తమ్మీ. గింత ఆలస్యమా?"

కూర్చున్నాను. కాగితం చూపించాను. రసం పాతబడితేనే పని చేస్తుందని, ఆమె చేసిందే కరెక్టని, అంతా చెప్పాను. ఆ గీత మీద వేలు పెట్టి కాసేపు చూసింది.

"గిదేనా?"

"గిదే అక్కా."

"మరి సీసల అడుగున ఇంత ఉంచినవా?"

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆమెకు అర్థమైంది. నుదురు కొట్టుకుంది. "అయ్యో నీ పాడుగాను! మళ్ల మొత్తం ఊడ్సినవా?" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వు ఆగాక, ఇన్నేళ్లూ నాలుక మీద నానిన మాట బయటికి వచ్చింది.

"అక్కా, ఆ రోజు నేను నోరు తెరవలేదు."

"తెలుసు. నువ్వు నోరు తెరిస్తే ఇద్దరం పోతుంటిమి. ఇంట్ల మీ అమ్మ మంచం మీదుండె అప్పుడు. నేనొక్కదాన్నే పోతే అయిపాయె అనుకున్న. దానికి నాకేం లేదు." కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది. "గానీ తమ్మీ, నాలుగేండ్లు కింద గా రూముల ఉన్న. ఒక్కపారన్న వచ్చి, అక్కా చాయ్ తాగినవా అని అడగకపోతివి. మెట్ల మీద నీ చెప్పుల సప్పుడు ఇనబడుతుండె. దిగుతడేమో అని సూస్తుంటి. గదే బాధైంది."

ఆమె పాదాలు పట్టుకోబోతే చేయి మీద కొట్టింది. లోపలికి పోయి స్టీలు డబ్బాలో పెరుగు తెచ్చి ఇచ్చింది. "ఇది మా అమ్మకాడికెల్లి వస్తున్న తోడు. ఇదన్న మొత్తం తినకు" అంది.

ఆ తర్వాత నెలకోసారైనా వెళ్లేవాణ్ని. అరుగు మీద కూర్చుని చాయ్ తాగేవాళ్లం. ల్యాబులో కొత్త సీసాలు పెట్టాను, రిటైరయ్యే ముందు వాటిని నా తర్వాతివాళ్లకు అప్పగించాను. అవి ఇంకా పాతబడుతున్నాయి. అందులో ఏముందో వాళ్లు తేలుస్తారో లేదో, అప్పటికి నేనుంటానో లేదో. నాకు ఆ గీత పేరు తెలుసుకోవాలని లేదిప్పుడు. ఆ గది కావాలి. గులాబీరంగు ఫ్లాస్కును కిటికీకెత్తి చూసే ఆ చేయి కావాలి. కారిడార్లో "బర్లకు కుడితి పెట్టినవా" అన్న ఆ కేక ఒక్కసారి వినాలి.

పోయిన ఎండాకాలం అక్క పోయింది. పదకొండో రోజు వాళ్లింటికి వెళ్లాను. కోడలు నాకు భోజనం పెట్టింది. చివర అన్నంలోకి ప్యాకెట్ పెరుగు వేస్తూ ఆగిపోయి, కళ్లనీళ్లు పెట్టుకుంది.

"మాఫ్ చెయ్యిండ్రి సార్. అత్తమ్మ పెరుగు కాదిది. పది దినాలు పొయ్యి ముట్టియ్యలే, పాలు తోడెయ్యలే. ఫ్రిజ్‌ల ఉన్నది ఎవలో వచ్చినోళ్లు గిన్నె కడిగి పెట్టిన్రు. అత్తమ్మ తోడు పాయె సార్. అత్తమ్మ అడిగితే ఏం చెప్పాలె నేను?"

ఆకు ముందునుంచి లేచి చేయి కడుక్కున్నాను. ఇప్పుడే వస్తానమ్మా అని చెప్పి, ఆటోలో సంతోష్‌నగర్ వచ్చాను. మా ఆవిడ ఏమైందని అడుగుతున్నా వినకుండా ఫ్రిజ్ తెరిచాను. అక్క ఇచ్చిన తోడుతోనే ముందు రోజు సాయంత్రం నేను తోడేసిన గిన్నె ఉంది. గట్టిగా, పైన మీగడతో. అక్క ఇచ్చిన స్టీలు డబ్బానే వెతికి, అందులోకి తీసుకుని, అదే ఆటోలో తిరిగి వెళ్లాను. డబ్బా ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాను.

కోడలు మూత తీసి చూసింది. వాసన చూసింది. ఇంకేం చెప్పాల్సిన పని లేకపోయింది. కళ్లు తుడుచుకుని అంది:

"అయ్యో, గిన్నె మొత్తం తెచ్చినట్టున్నరు గదా సార్. మీకు జర ఉంచుకున్నరా?"

"ఉంచుకున్ననమ్మా," అన్నాను. "అడుగున ఇంత ఉంచుకున్న."